చిన్న వ్యాపారం, పెద్ద పట్టిక: లాభం వేరు, చేతిలో డబ్బు వేరు

శనివారం సాయంత్రం ప్లేనోలో ఏ తెలుగువాళ్ళింటికి భోజనానికి వెళ్ళినా మగవాళ్ళ మాటలు మూడు మజిలీల మీదుగా సాగుతాయి. మొదట ప్రాజెక్టు సంగతులు, తరవాత గ్రీన్ కార్డు, పెరుగన్నం వేళకి "ఇలా ఎన్నాళ్ళండీ, మనమే ఏదైనా మొదలుపెడితే?" అన్న మాట. నూటికి తొంభైసార్లు ఆ మాట చేతులు కడుక్కోవడంతోనే కొట్టుకుపోతుంది. ఆ మధ్య ఒక మిత్రుడి ఇంట్లో మాత్రం అలా జరగలేదు. భోజనాలవగానే అతను లాప్‌టాప్ తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు.

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఆటోమేషన్‌లో పన్నెండేళ్ళ అనుభవం ఉన్నవాడు. తెలిసిన రెండు మూడు కంపెనీలు పని ఇస్తామంటున్నాయి. ఉద్యోగం మానేసి చిన్న సర్వీసెస్ కంపెనీ పెడదామని అతని ఆలోచన. ఎక్సెల్ పట్టిక చక్కగా వేసుకున్నాడు. పన్నెండు నెలలకీ పన్నెండు నిలువు వరసలు, అడుగున ఆకుపచ్చ రంగులో మొదటి ఏడాది లాభం 33,600 డాలర్లు. "దాచుకున్నది యాభై వేలుంది, అది పెట్టుబడి. మొదటి నెల నుంచే లాభంరా!" అన్నాడు.

నేను ఏదో అనేలోపు వాళ్ళావిడ అడిగింది. "అన్నయ్యా, లాభం సంగతి సరే. ఏ నెలలో మేము ఇంటి వాయిదా కట్టలేకపోతామో అందులో ఉందా?"

మేమిద్దరం పట్టికలో పైకీ కిందకీ వెతికాం. లేదు. వ్యాపార ప్రణాళికలో ఆర్థిక అంచనాలు అనేవి అసలు ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికే ఉన్నాయి. ఆ జవాబు రాబట్టడం ఎలాగో ఈ వ్యాసంలో చూద్దాం. నేను అకౌంటెంటుని కాను, మీలాగే కోడు రాసుకుని బతికేవాణ్ణి. మిత్రుడి లెక్కని ఇక్కడ వాడుకుంటున్నాను కానీ, అంకెల్ని అర్థం కావడానికి వీలుగా గుండ్రం చేశాను.

పేలపిండి కుండ నుంచి విసికాల్క్ దాకా

ఆర్థిక అంచనాలు మనకి కొత్తవేమీ కాదు. పంచతంత్రంలో పేలపిండి కుండ కింద పడుకున్న బ్రాహ్మడు వేసింది అదే. పిండి అమ్మి మేకలు, మేకలు అమ్మి ఆవులు, ఆవులు అమ్మి ఇల్లు, పెళ్ళి, సోమశర్మ అనే కొడుకు! చివరికి కలలో తన్నిన తన్నుకి కుండ పగిలింది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత కూడా ఈ జాతిదే. ఆ బ్రాహ్మడి తప్పు కల కనడం కాదు. ఒక్కో మెట్టుకీ ఎంత కాలం పడుతుందో, అందాకా ఏం తిని బతకాలో లెక్క వేసుకోకపోవడం.

ఆ లెక్కని సులువు చేసిన పనిముట్టు మన వృత్తిలోంచే వచ్చింది. 1978లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో చదువుతున్న డాన్ బ్రిక్లిన్‌కి, నల్లబల్ల మీద లెక్కల పట్టికలో ఒక అంకె మారితే మిగతావన్నీ చెరిపి రాయాల్సి రావడం చూసి, ఆ పని కంప్యూటరుకి అప్పగిస్తే బాగుండుననిపించింది. బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి తయారుచేసిన విసికాల్క్ 1979లో ఆపిల్ 2 మీద విడుదలయింది. తరవాత 1983లో లోటస్ 1-2-3, 1985లో మెకింటాష్ మీద ఎక్సెల్ వచ్చాయి. వీటన్నిటి ప్రాణం ఒక్కటే: "ఈ అంకె మారితే ఏమవుతుంది?" అని అడగగలగడం. మన మిత్రుడు ఆ ఒక్క ప్రశ్నా అడగకుండా పట్టిక ముగించాడు.

ముందు ఊహలు, తరవాతే అంకెలు

మంచి పట్టికకి మొదటి పేజీలో లాభం ఉండదు, ఊహలుంటాయి. మన భాషలో చెప్పాలంటే అది కాన్ఫిగరేషన్ ఫైలు. మిత్రుడి ఊహలు ఇవి:

- ఒక కన్సల్టెంటుకి క్లయింటు ఇచ్చేది గంటకి 80 డాలర్లు. నెలకి 160 గంటలు, అంటే 12,800 డాలర్లు.
- కన్సల్టెంటుకి జీతం గంటకి 60 డాలర్లు, నెలకి 9,600. యజమాని కట్టే పన్నులు, ఇతర బీమాల కింద మరో 960, ఆరోగ్య బీమాలో కంపెనీ వంతు 640. మొత్తం 11,200.
- ఆఫీసు, అకౌంటెంటు, ఫోను, సాఫ్ట్‌వేర్, వ్యాపార బీమా వగైరా నెలకి 1,500.
- మొదట్లో ఒక్కసారి అయ్యే ఖర్చు 6,000.
- మొదటి నెల ఒక మనిషి, మూడో నెల నుంచి ఇద్దరు, అయిదో నెల నుంచి ముగ్గురు, ఏడో నెల నుంచి నలుగురు.

ప్రతి ఊహ పక్కనా "ఇది నాకెలా తెలుసు?" అని ఒక గడి పెట్టుకోండి. 160 గంటలు ఎక్కడివి? ఏడాదికి 2,080 పని గంటల్లోంచి రెండు వారాల పండగ సెలవులు, రెండు వారాల సొంత సెలవులు తీసేస్తే 1,920. దాన్ని పన్నెండుతో భాగిస్తే 160. ఇది చెప్పుకోదగ్గ ఊహ. పన్నుల కింద జీతంలో పది శాతం ఎక్కడిది? యజమాని వంతు సోషల్ సెక్యూరిటీ 6.2 శాతం, మెడికేర్ 1.45 శాతం కలిసి 7.65. నిరుద్యోగ పన్ను, చిల్లర బీమాలు కలిపితే పది వేసుకోవచ్చు. ఇదీ ఫరవాలేదు. ఏడో నెలకి నలుగురు ఎక్కడినుంచి వస్తారు? "వస్తార్రా" అన్నాడు. అది ఊహ కాదు, ఆశ. ఆశలు రాసుకోకూడదని కాదు, వాటికి వేరే రంగు వేయండి. పట్టికలో ఎర్ర గడులు ఎన్నున్నాయో చూస్తే మీ ప్రణాళిక ఎంత గట్టిదో మీకే తెలుస్తుంది.

లాభనష్టాల పట్టిక చెప్పే కథ

మనిషికి నెలకి మిగిలేది 12,800లోంచి 11,200 పోగా 1,600. మొదటి రెండు నెలలు ఒక్కడే కనక, 1,500 ఖర్చు పోను నెలకి 100 డాలర్ల లాభం. మూడు, నాలుగు నెలల్లో 1,700 చొప్పున. అయిదు, ఆరు నెలల్లో 3,300 చొప్పున. ఏడు నుంచి పన్నెండు దాకా 4,900 చొప్పున. అన్నీ కూడితే 39,600. మొదటి ఖర్చు 6,000 తీసేస్తే 33,600. ఏడాది మొత్తం రాబడి 4,60,800. మొదటి ఖర్చు పక్కన పెడితే ఒక్క నెల కూడా వ్యాపారం నష్టంలో లేదు. మిత్రుడి లెక్కలో కూడికల తప్పేమీ లేదు.

అతను రాయని ఊహ మాత్రం ఒకటుంది. క్లయింటు డబ్బు ఎప్పుడు ఇస్తాడు? నెలాఖరున ఇన్వాయిస్ పంపితే 45 రోజులకి చెక్కు వస్తుంది. జనవరిలో చేసిన పనికి జనవరి 31న బిల్లు, మార్చి 17న డబ్బు. జీతాలు మాత్రం 15వ తేదీకి, నెలాఖరుకి ఇవ్వాలి. ఆలస్యమైతే ఇక్కడ చట్టమూ ఊరుకోదు, మనిషీ ఊరుకోడు.

అదే వ్యాపారం, బ్యాంకు ఖాతా వైపు నుంచి

ఇప్పుడు రెండో పట్టిక వేద్దాం. ఇందులో లాభమనే మాటే రాదు. ఈ నెల ఖాతాలోకి ఎంత వచ్చింది, ఎంత పోయింది, సున్నాతో మొదలుపెడితే ఎంత లోతుకి దిగాం అన్నవే ఉంటాయి.

- 1వ నెల: వచ్చింది 0, పోయింది 18,700. లోతు 18,700
- 2వ నెల: వచ్చింది 0, పోయింది 12,700. లోతు 31,400
- 3వ నెల: వచ్చింది 12,800, పోయింది 23,900. లోతు 42,500
- 4వ నెల: వచ్చింది 12,800, పోయింది 23,900. లోతు 53,600
- 5వ నెల: వచ్చింది 25,600, పోయింది 35,100. లోతు 63,100
- 6వ నెల: వచ్చింది 25,600, పోయింది 35,100. లోతు 72,600
- 7వ నెల: వచ్చింది 38,400, పోయింది 46,300. లోతు 80,500
- 8వ నెల: వచ్చింది 38,400, పోయింది 46,300. లోతు 88,400
- 9వ నెల: వచ్చింది 51,200, పోయింది 46,300. లోతు 83,500

అక్కడినుంచి నెలకి 4,900 చొప్పున పైకి ఎక్కుతూ, పన్నెండో నెలాఖరుకి లోతు 68,800. కాగితం మీద 33,600 లాభం వచ్చిన ఏడాది చివర బ్యాంకులో ఉన్నది 68,800 లోటు. ఇంట్లో ఈగల మోత, వీధిలో పల్లకీల మోత అంటే ఇదే.

రెండు అంకెలూ నిజమే. తేడా ఎక్కడుంది? పదకొండు, పన్నెండు నెలల ఇన్వాయిస్‌లు రెండూ కలిపి 1,02,400 డాలర్లు క్లయింట్ల దగ్గర ఉండిపోయాయి. లాభం 33,600లోంచి అది తీసేస్తే సరిగ్గా 68,800 లోటు వస్తుంది. ఈ సరిపోలికని పట్టిక అడుగున ఒక గడిలో పెట్టుకోండి. అది మీ యూనిట్ టెస్టు. లెక్క కుదరకపోతే పట్టికలో ఎక్కడో బగ్ ఉన్నట్టే.

ఇప్పుడు వాళ్ళావిడ ప్రశ్నకి జవాబు చెప్పచ్చు. యాభై వేలతో మొదలుపెడితే మూడో నెలాఖరుకి మిగిలేది 7,500. నాలుగో నెల 15వ తేదీన ఇద్దరి సగం నెల జీతాలకి, పన్నులు, బీమాతో సహా, కావలసింది 11,200. క్లయింటు చెక్కు రావడం 17వ తేదీ దాకా ఆగితే, మొదటి నెల నుంచీ లాభంలో ఉన్న కంపెనీ, చేతినిండా పని ఉండగా, రెండు రోజుల తేడాలో జీతాలు ఇవ్వలేక ఆగిపోతుంది. ఇంటి వాయిదా కూడా ఆ నెల నుంచే కష్టం.

నెలవారీ పట్టిక కూడా కొంత దాస్తుందని దీన్నిబట్టే తెలుస్తోంది కదా. ఎనిమిదో నెలాఖరున లోతు 88,400 అని రాశాం. కానీ తొమ్మిదో నెల 15న జీతాల సగం, అంటే 22,400 పోయాక, చెక్కు 17న వస్తే అందాకా అసలు లోతు 1,10,800. అందుకని మొదటి ఏడాదికి నెలవారీ పట్టిక, మొదటి మూడు నెలలకి వారంవారీ పట్టిక వేసుకోవడం మంచిది. రెండో ఏడాదికి మూడు నెలలకొకసారి చాలు. అయిదో ఏడాదికి నెలవారీ అంకెలు వేస్తే అవి పేలపిండి కుండలోవే.

అంకె మారితే ఏమవుతుంది?

ఊహలన్నీ ఒక పేజీలో ఉన్నాయి కనక ఇప్పుడు ఒక్కోటీ మార్చి చూడచ్చు.

మొదటిది, డబ్బు వచ్చే గడువు. 45 రోజులకి బదులు 15 రోజుల్లో వస్తే అత్యంత లోతు 42,100. 45 రోజులైతే 88,400. 75 రోజులైతే 1,34,700. లాభం మాత్రం మూడింటిలోనూ అదే 33,600. లాభనష్టాల పట్టికలో ఎక్కడా కనిపించని ఒక్క అంకె, మీ యాభై వేలు సరిపోతాయా లేదా అన్నది తేల్చేస్తోంది. అందుకే గంట రేటు కోసం గీచి గీచి బేరమాడే మనవాళ్ళు గడువు కోసం కూడా అంతే బేరమాడాలి. నెల ముందు ఇస్తే ఒక శాతం తగ్గిస్తానని క్లయింటుకి చెప్పారనుకోండి. 12,800 మీద 128 డాలర్లు పోతుంది. అది ఏడాదికి పన్నెండు శాతం వడ్డీకి అప్పు తెచ్చినట్టే. మీకు అంతకన్నా చవకగా అప్పు పుట్టకపోతే ఆ తగ్గింపు ఇవ్వడమే మేలు.

రెండోది, పెరిగే వేగం. నలుగురిదాకా వెళ్ళకుండా ఇద్దరితోనే ఏడాదంతా ఆగితే లాభం 11,200కి పడిపోతుంది. కానీ లోతు 53,600 దగ్గర ఆగి, అయిదో నెల నుంచే పైకి ఎక్కడం మొదలవుతుంది. కొత్తగా చేర్చుకునే ప్రతి మనిషికీ మొదటి చెక్కు వచ్చేలోపు రెండున్నర నెలల జీతం మీ జేబులోంచే పోతుంది. వ్యాపారం పెరగడం ఆనందమే కానీ, అది డబ్బు తినే ఆనందం. పని దొరక్క మూతపడే కంపెనీలున్నట్టే, పని ఎక్కువై మూతపడే కంపెనీలూ ఉన్నాయి.

మూడోది, ఖాళీగా కూర్చునే నెల. ఒక కన్సల్టెంటుకి ఒక్క నెల ప్రాజెక్టు లేకపోతే 12,800 రాబడి పోతుంది, జీతం పోదు. అతని మీద నెలకి మిగిలేది 1,600. అంటే ఒక నెల బెంచి ఎనిమిది నెలల మిగులుని మింగేస్తుంది. హెచ్-1బి మీద ఉన్న ఉద్యోగికి ప్రాజెక్టు లేదన్న కారణంతో జీతం ఆపడం చట్టరీత్యా కుదరదు కూడా. మిత్రుడి పట్టికలో బెంచి అనే వరసే లేదు. మనిషికి ఏడాదిలో ఒక నెల బెంచి అని వేస్తే ఆకుపచ్చ లాభం మొత్తం ఎగిరిపోయింది.

ఇక్కడ మన ఊరి పాత కథ ఒకటి చెప్పాలి. లెగసీ ప్రాంతంలో దశాబ్దాలపాటు పెద్ద ఆఫీసు నడిపిన ఈడీఎస్ కంపెనీని రాస్ పెరో 1962లో డాలస్‌లో వెయ్యి డాలర్లతో మొదలుపెట్టాడు. అంతకుముందు ఆయన ఐబీఎమ్‌లో సేల్స్‌మన్. కంప్యూటర్ సేవలకి రెండు మూడు నెలల ఒప్పందాలే మామూలైన ఆ రోజుల్లో ఆయన క్లయింట్లతో అయిదేళ్ళ ఒప్పందాలు కుదుర్చుకున్నాడు. దానివల్ల వచ్చే నెల ఎంత వస్తుందో ఈ నెలే తెలిసేది. 2008లో ఆ కంపెనీని హెచ్‌పీ కొనేసింది. వెయ్యి డాలర్లతో అంతవాడయ్యాడని అందరూ చెప్పుకుంటారు. మనలాంటివాళ్ళు నేర్చుకోవలసింది ఆ అయిదేళ్ళ ఒప్పందం సంగతి.

మనవాళ్ళు మరిచిపోయే వరసలు

*సొంత జీతం.* మిత్రుడి పట్టికలో అందరికీ జీతముంది, అతనికి తప్ప. లాభం 33,600 అంటే అది అతని ఏడాది కష్టానికి వచ్చేది, అదీ ఇంకా చేతికి రానిది. ఉన్న ఉద్యోగంలో వచ్చేదాంతో పోల్చితే నష్టమే. నష్టమైనా చేయాలనిపిస్తే చేయచ్చు, కానీ తెలిసి చేయాలి. మీకు ఇంటి ఖర్చుకి నెలకి ఎంత కావాలో అది పట్టికలో మొదటి ఖర్చుగా వేయండి.

*ఆరోగ్య బీమా.* ఉద్యోగం మానేశాక కోబ్రా కింద పాత బీమాని సాధారణంగా 18 నెలల దాకా ఉంచుకోవచ్చు. కాకపోతే ఇన్నాళ్ళూ కంపెనీ కట్టిన వంతు కూడా మీరే కట్టాలి, పైన రెండు శాతం నిర్వహణ ఖర్చు. మొదటి బిల్లు చూసి గుండె జారుతుంది. ముందే అడిగి కనుక్కుని రాసుకోండి.

*సేల్స్ టాక్స్.* ప్లేనోలో అది 8.25 శాతం. రాష్ట్రానిది 6.25, మిగతా రెండు స్థానికం. సాఫ్ట్‌వేర్ వాళ్ళం మనకేంటి అనుకోకండి. టెక్సాస్‌లో డేటా ప్రాసెసింగ్ సేవల మీద, నెలవారీ చందాకి అమ్మే ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్‌తో సహా, పన్ను ఉంది. 20 శాతం మినహాయింపు పోను ధరలో 80 శాతం మీద లెక్కకడతారు. వెయ్యి డాలర్ల చందాకి 66 డాలర్లన్నమాట. ఈ డబ్బు మీ ఖాతాలోకి వస్తుంది కానీ మీది కాదు. రాబడిలో కలపకండి, వేరే వరసలో పెట్టండి. మీ సేవ దీని కిందకి వస్తుందో రాదో అకౌంటెంటుని అడగండి.

*ఫ్రాంచైజ్ టాక్స్.* టెక్సాస్‌లో వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు కానీ కంపెనీల మీద ఈ పన్ను ఉంది. 2024, 2025 రిపోర్టులకి 24.7 లక్షల డాలర్ల రాబడి దాకా పన్ను పడలేదు. మన ఉదాహరణలాంటి కంపెనీ ఆ పరిమితికి చాలా కింద ఉంటుంది. అయినా ఏటా సమాచార రిపోర్టు మాత్రం పంపాలి.

*వడ్డీ.* లోతు పూడ్చడానికి అప్పు తెస్తే దానికి వడ్డీ ఉంటుంది. మన ఉదాహరణలో నెలాఖరు లోతుల సగటు సుమారు 63,000. పన్నెండు శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి సుమారు 7,500. లాభంలో అయిదో వంతు కన్నా ఎక్కువ.

*వీసా.* ఇది డబ్బు వరస కాదు కానీ అన్ని వరసలనీ తారుమారు చేయగలదు. 2025 జనవరి 17న అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం, సొంత కంపెనీలో సగానికి మించి వాటా ఉన్నవాళ్ళు హెచ్-1బి మీద పనిచేయడానికి కొంత దారి ఏర్పడింది. కాకపోతే మొదటి పిటిషన్, మొదటి పొడిగింపు 18 నెలల చొప్పునే ఇస్తారు. లాయరు ఫీజులూ ఆ 18 నెలల గడువూ మీ పట్టికలో కనిపించాలి.

బ్యాంకువాళ్ళు ఏం చూస్తారు?

అప్పుకి వెళ్ళినప్పుడు మూడు పట్టికలు అడుగుతారు: లాభనష్టాలు, నగదు రాకపోకలు, ఆస్తి అప్పుల పట్టీ. మూడూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉండాలి. వాళ్ళు ముందు చూసేది లాభం శాతం కాదు. వాయిదాలు కట్టడానికి ఏటా ఎంత డబ్బు మిగులుతుంది, వాయిదాలు ఎంత, ఒకదానిమీద ఒకటి ఎన్ని రెట్లు అని చూస్తారు. 1.25 రెట్లు ఉంటే సాధారణంగా తృప్తిపడతారు.

ప్రభుత్వపు ఎస్‌బీఏ హామీతో వచ్చే 7(ఎ) అప్పులు 50 లక్షల డాలర్ల దాకా, మైక్రోలోన్లు 50 వేల దాకా ఉంటాయి. హామీ బ్యాంకుకి, మీకు కాదు. 20 శాతం, అంతకుమించి వాటా ఉన్న ప్రతివాళ్ళూ వ్యక్తిగతంగా పూచీ పడాలి. కంపెనీ మునిగినా మీ సొంత ఆస్తి మీదికి అప్పు వస్తుంది. యజమానుల పౌరసత్వం, నివాస హోదాల నిబంధనలని 2025 నుంచి బాగా బిగించారు కనక, ఆ రోజుకి ఏ నియమం అమలులో ఉందో దరఖాస్తుకి ముందే కనుక్కోండి. ఇల్లు పెట్టి అప్పు తీసుకునేవాళ్ళకి టెక్సాస్‌లో ఒక అడ్డుకట్ట ఉంది. ఉన్న అప్పుతో కలిపి ఇంటి విలువలో 80 శాతం దాటకూడదు. చాలా కుటుంబాలకి అది రక్షణే.

పట్టిక వేయడంలో సాయం కావాలంటే కాలిన్ కాలేజ్ ఆధ్వర్యంలో చిన్న వ్యాపారాల అభివృద్ధి కేంద్రం ఉంది. 1964 నుంచి నడుస్తున్న స్కోర్ అనే సంస్థలో వ్యాపారాలు నడిపి రిటైరైన పెద్దలు ఉచితంగా సలహా ఇస్తారు. వాళ్ళ ముందు పట్టిక పెడితే మొట్టమొదట అడిగేది, "ఈ అంకె ఎక్కడిది?" అని.

అంకెలు ఎక్కడివి అన్న ప్రశ్న మనవాళ్ళకి గట్టిగా గుర్తుండాలి. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు రాసిన లేఖ మనలో చాలామందికి మరుపురాదు. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని, ఆ త్రైమాసికంలో 649 కోట్లుగా చూపిన లాభం నిజానికి 61 కోట్లేనని ఆ లేఖలో ఒప్పుకున్నాడు. అది మోసం, మన మిత్రుడిది ఆశ. రెంటికీ పోలిక లేదు. కానీ పాఠం ఒకటుంది. కాగితం మీద లాభాన్ని ఎంతైనా రాసుకోవచ్చు. చివరికి అన్నీ తేలేది బ్యాంకు ఖాతాలో నిజంగా ఉన్న డబ్బు దగ్గరే.

పట్టికని ప్రోగ్రాములా రాయండి

మన వృత్తి అలవాట్లు ఇక్కడ బాగా పనికొస్తాయి. సూత్రాల మధ్యలో 80, 160 అని అంకెలు పాతిపెట్టకండి, అన్నీ ఊహల పేజీలోంచే రావాలి. ఒక పేజీ ఊహలకి, ఒకటి లాభనష్టాలకి, ఒకటి నగదుకి, ఒకటి సరిచూసే పరీక్షలకి. ఊహ మార్చిన ప్రతిసారీ కొత్త పేరుతో దాచుకోండి, తేదీ వేయండి. వ్యాపారం మొదలయ్యాక ప్రతి నెలా అంచనా పక్కన అసలు అంకె రాయండి. మొదటి మూడు నెలల్లో మీ ఊహలు ఎంత తప్పాయో చూసుకుంటే తరవాతి తొమ్మిది నెలలకి అదే మీ గురువు.

ఇప్పుడు ఏఐని అడిగితే అయిదు నిమిషాల్లో అయిదేళ్ళ పట్టిక వేసిస్తుంది. సూత్రాలు రాయించుకోండి, తప్పులేదు. కానీ మీ క్లయింటు ఎన్నాళ్ళకి డబ్బిస్తాడో దానికి తెలియదు. తెలియనిచోట నమ్మకంగా ఒక అంకె వేసేస్తుంది. ఆ అంకె మీద మీ ఇల్లు నిలబడుతుందని దానికి తెలియదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, కొన్నేళ్ళ క్రితం నేనూ ఒక చిన్న ప్రయత్నం చేసి చేతులు కాల్చుకున్నాను. పని బాగానే జరిగింది, క్లయింటు మెచ్చుకున్నాడు, డబ్బు మాత్రం మూడు నెలలు దాటాక వచ్చింది. ఆ మూడు నెలలూ ఇద్దరికి జీతాలు నా క్రెడిట్ కార్డుల మీద ఇచ్చాను. ఆ బాకీ తీరడానికి రెండేళ్ళు పట్టింది. నా పట్టికలోనూ ఆ ఏడాది లాభమే ఉంది.

మిత్రుడి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ రాత్రి పన్నెండు దాటేదాకా ముగ్గురం బల్ల దగ్గరే కూర్చున్నాం. వ్యాపారం మానేయమని ఎవరూ అనలేదు. అతను మరికొన్ని నెలలు ఉద్యోగంలో ఉండి పెట్టుబడిని డెబ్బై వేలు చేసుకున్నాడు. మొదటి ఏడాది ఇద్దరితోనే అని నిర్ణయించుకున్నాడు. మొదటి క్లయింటుతో రేటు మాట్లాడేముందు గడువు మాట్లాడాడు. కొత్త పట్టికలో అడుగున లాభం లేదు. పైన మొదటి వరసలోనే పెద్ద అక్షరాలతో ఒక గడి ఉంది: "అత్యంత లోతు, ఏ నెల, ఎంత." ఆ గడి పెట్టించింది వాళ్ళావిడ.

మీరు కూడా ఏదైనా మొదలుపెట్టాలనుకుంటుంటే ఈ వారాంతం రెండు గంటలు కేటాయించి మీ పట్టికలో ఆ ఒక్క గడి నింపండి. తరవాత దాన్ని ఇంట్లోవాళ్ళకి చూపించండి. వాళ్ళు అడిగే మొదటి ప్రశ్నకి మీ దగ్గర జవాబుంటే, మీ ప్రణాళిక సిద్ధమైనట్టే.